నేను అనే చోట లింగం లేదు: క్లోద్ కాహున్ ఫోటోలు

ఈ వ్యాసం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. "క్లోద్ కాహున్ 1894లో ఫ్రాన్స్‌లోని నాంత్ పట్నంలో పుట్టింది" అని రాసి కొట్టేశాను. "పుట్టాడు" అని రాసి అదీ కొట్టేశాను. పుట్టినప్పుడు పెట్టిన పేరు లూసీ ష్వాబ్. ఆడపిల్లగానే పెంచారు. కానీ ఇరవై ఏళ్ళు దాటాక ఆ పేరు వదిలేసి, ఫ్రెంచిలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ చెల్లే క్లోద్ అన్న పేరు ఎంచుకుని, తర్వాత నలభై ఏళ్ళపాటు కెమెరా ముందు నిలబడి "మీరనుకునేది నేను కాదు" అంటూ వచ్చిన మనిషిని, నేను ఒక క్రియాపదం చివరి అక్షరంతో మళ్ళీ లూసీని చేసేస్తున్నానే అనిపించింది.

చివరికి "పుట్టారు" అని రాశాను. మన భాషలో ఒక మనిషిని ఆడా మగా అని చెప్పకుండా మాట్లాడటానికి ఉన్న దారి అదొక్కటే. గౌరవం ఇస్తే లింగం దాగుతుంది. గౌరవం లేకపోతే వెంటనే బయటపడుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను. ముందు ఫోటోలు చూద్దాం.

కాహున్‌ది డబ్బున్న యూదు కుటుంబం. తండ్రి పత్రిక యజమాని. పినతండ్రి మార్సెల్ ష్వాబ్ ఫ్రెంచి సాహిత్యంలో పేరున్న రచయిత. తల్లికి మానసిక అనారోగ్యం, ఆవిడ జీవితం చాలామటుకు ఆసుపత్రుల్లోనే గడిచింది. పిల్లని పెంచింది నాయనమ్మ మతిల్ద్. కాహున్ అన్నది ఆ నాయనమ్మ పుట్టింటి పేరు. ష్వాబ్ అన్న ఇంటిపేరు వెనక తండ్రీ, పినతండ్రీ, వాళ్ళ పత్రికలూ పుస్తకాలూ అన్నీ ఉన్నాయి. రాయాలనుకునే వాళ్ళకి అంతకన్నా మంచి చిరునామా దొరకదు. దాన్ని కాదనుకుని, పెళ్ళితో మాసిపోయిన ఒక ఆడదాని ఇంటిపేరుని తవ్వి తీసి తనకి పెట్టుకున్నారు. ఇంటిపేర్ల గురించి మనం ఇన్నేళ్ళు చేసిన చర్చలు గుర్తున్నవాళ్ళకి ఈ ఎంపికలో ఉన్న పదును వేరే చెప్పనక్కర్లేదు.

1909లో, పదిహేనేళ్ళ వయసులో, సుజాన్ మలెర్బ్ పరిచయమయ్యారు. ఆ స్నేహమే ప్రేమ అయింది, జీవితాంతం నిలిచింది. సుజాన్ బొమ్మలు వేస్తారు. ఆ తర్వాత మార్సెల్ మూర్ అన్న మగ పేరుతో సంతకం పెట్టారు. 1917లో కాహున్ తండ్రి, మూర్ తల్లి పెళ్ళి చేసుకోవడంతో ఈ ఇద్దరూ చట్టం దృష్టిలో అక్కచెల్లెళ్ళయ్యారు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఇంట్లో కలిసి బతకడానికి లోకం ఒప్పుకునే కారణం అలా దానంతటదే దొరికింది. 1920ల మొదట్లో పారిస్ చేరారు.

1914 ప్రాంతంలో తీసిన ఒక ఫోటోలో కాహున్ మంచం మీద పడుకుని ఉంటారు. దిండు మీద జుట్టంతా పాముల్లా పరుచుకుని ఉంటుంది. కళ్ళు మాత్రం విప్పార్చి సూటిగా చూస్తుంటాయి. ఆరేడేళ్ళ తర్వాత తీసిన ఫోటోల్లో ఆ జుట్టు లేదు. నున్నటి గుండు. కనుబొమలు కూడా ఉన్నాయా అన్నట్టుంటాయి. ఒకదాంట్లో మగవాళ్ళ సూటు, నడుం మీద చెయ్యి. ఇంకొకదాంట్లో పక్కకి తిరిగిన తల, పుర్రె ఆకారం, మెడ ఎముకలు.

యూరప్‌లో ఈ ఫోటోల గురించి రాసినవాళ్ళు ఆ కాలంలో జుట్టు కత్తిరించుకున్న ఆధునిక స్త్రీల గురించి, యుద్ధం తర్వాతి పారిస్ గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఆ గుండు చూడగానే గుర్తొచ్చింది మా తాతమ్మల తరం. మనకి ఆడదాని గుండు రెండు చోట్లే కనిపించేది. ఒకటి తిరుపతి మొక్కు. రెండోది బ్రాహ్మణ వితంతువు తల. మొదటిది దేవుడికి ఇచ్చింది, రెండోది సంఘం లాక్కున్నది. రెండో గుండు అర్థం కూడా, విచిత్రంగా, లింగాన్ని తీసెయ్యడమే: ఈమె ఇంక స్త్రీ కాదు, ఈమెని ఎవరూ చూడరు, ఈమె ఎవరినీ చూడకూడదు. మంగలి కత్తి ఒకటే, గుండూ ఒకటే. ఒకచోట అది శిక్ష, ఇంకోచోట విడుదల. తేడా అంతా కత్తి ఎవరి నిర్ణయంతో కదిలిందన్న దాంట్లోనే ఉంది. ఒక ఆడమనిషి "నన్ను ఆడదాన్ని చేసే గుర్తులన్నీ నేనే తీసేస్తాను, తీసేశాక కూడా మీ కళ్ళలోకి చూస్తాను" అనడం ఎంత పెద్ద మాటో ఆ వితంతువుల పక్కన పెట్టి చూస్తేనే నాకు తెలిసింది. ఆ ఫోటోల్లో కాహున్ తల వంచరు.

1928 ప్రాంతంలోది మరో ఫోటో. పొట్టి జుట్టు, గళ్ళ కోటు, కాలరుని పైకి లాక్కున్న చెయ్యి. పక్కన గోడకి అద్దం. అద్దంలో ప్రతిబింబం మెడ కనబడేలా అటువైపు చూస్తుంటే, కాహున్ అద్దంలోకి కాకుండా మనవైపు చూస్తున్నారు. ఆడవాళ్ళనీ అద్దాన్నీ కలిపి చూడటం కళలో ఎంత పాత అలవాటో మనకి తెలుసు. యూరప్ చిత్రకారుల వీనస్‌లు, మన గుళ్ళ గోడల మీద దర్పణసుందరులు, అందరూ అద్దంలో తమని తాము చూసుకుంటుంటారు, మనం వాళ్ళని చూస్తుంటాం. వాళ్ళు మనల్ని చూడరు కాబట్టి చూడటం సుఖంగా ఉంటుంది. కాహున్ ఆ సుఖాన్ని చెడగొట్టారు. అద్దం ఉంది, అందులో ముఖమూ ఉంది, కానీ చూపు దానికి దక్కలేదు.

అన్నిటికన్నా ఎక్కువ మంది చూసినది 1927 ప్రాంతంలో తీసిన బరువులెత్తే మనిషి ఫోటో. ఒళ్ళో బరువులు, కాలు మీద కాలు. బుగ్గల మీద గుండె ఆకారపు బొమ్మలు, నుదుటి మీద అతికించినట్టున్న ముంగురులు, సున్నా చుట్టిన పెదాలు. బనీను మీద చనుమొనల గుర్తులు, వాటి మధ్య ఇంగ్లీషులో ఒక ప్రకటన: నేను శిక్షణలో ఉన్నాను, ముద్దు పెట్టుకోవద్దు. సర్కస్ మల్లుడి పని, బొమ్మ ముఖం, ఆడ శరీరాన్ని గుర్తు చేసే రెండు చుక్కలు. మూడూ వేషాలేనని తెలిసిపోతూ ఉంటుంది. వేషం కింద అసలు మనిషి ఎవరని వెతికితే దొరకరు.

ఇక్కడ మన వేషాల గురించి ఒక మాట. కాహున్ ఈ ఫోటోలు దిగుతున్న సంవత్సరాల్లోనే మన రంగస్థలం మీద స్థానం నరసింహారావు సత్యభామగా, రోషనారగా, చింతామణిగా జనాన్ని కట్టిపడేస్తున్నాడు. కూచిపూడిలో అంతకుముందూ ఆ తర్వాతా మగవాళ్ళు సత్యభామ జడ వేస్తూనే ఉన్నారు. ఆ కళని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ వేషం గొప్పతనాన్ని మనం కొలిచేది ఒకే కొలతతో: "అచ్చం ఆడదే." అంటే అసలు ఆడది ఎలా ఉండాలో ముందే నిర్ణయమై ఉంది, వేషం దానికి ఎంత దగ్గరగా వస్తే అంత మెప్పు. తెర దిగాక నటుడు మగవాడిగా ఇంటికెళతాడు, వ్యవస్థకి ఏ నష్టమూ లేదు. కాహున్ వేషాల్లో ఆ "అచ్చం" లేదు. మగ వేషం అచ్చం మగవాడిలా ఉండదు, ఆడ వేషం అచ్చం ఆడదానిలా ఉండదు. 1929లో ఒక చిన్న ప్రయోగాత్మక నాటకరంగంలో కాహున్ నీలిగడ్డం కథలో భార్య వేషం వేశారు. ఆ వేషంలో ఉన్న ఫోటోలో జడలూ, పూసిన రంగూ చూస్తే, ఆడతనాన్ని ఒక నాటక దుస్తుల్లా అద్దెకి తెచ్చుకున్నట్టుంటుంది. ఆడవాళ్ళం రోజూ చేసే పని కూడా ఇదే కదా, మనకి దాన్ని వేషమని ఎవరూ చెప్పలేదంతే.

సర్రియలిస్టుల చరిత్రలో కాహున్‌ని ఎక్కడ పెట్టాలన్నది వేరే గొడవ. కలలు, అంతశ్చేతన, హేతువు మీద తిరుగుబాటు అంటూ బయల్దేరిన ఆ మగవాళ్ళ తిరుగుబాటు ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. 1924లో మాన్ రే ఒక స్త్రీ నగ్న వీపు మీద ఫిడేలు రంధ్రాలు వేసి ఆమెని వాయిద్యం చేశాడు. 1929 డిసెంబరులో వాళ్ళ పత్రికలో వచ్చిన ఒక పేజీ మరీ ప్రసిద్ధం. మధ్యలో మాగ్రిట్ వేసిన నగ్న స్త్రీ, చుట్టూ పదహారుమంది సర్రియలిస్టు పురుషుల ఫోటోలు, అందరి కళ్ళూ మూసి ఉంటాయి. ఆమెని వాళ్ళు కలగంటున్నారు. ఆ పదహారు జతల మూసిన కళ్ళ పక్కన కాహున్ తెరిచిన కళ్ళు పెట్టి చూడండి. 1920–21లో మార్సెల్ దుషాఁ ఆడవేషంలో మాన్ రే కెమెరా ముందు కూర్చున్నాడు కదా అనొచ్చు. కూర్చున్నాడు. అది తెలివైన పరిహాసం, ఆ వేషానికో పేరు కూడా పెట్టి లోకానికి పరిచయం చేశాడు. అతనికి అది అవసరం కాదు, ఆట. కాహున్‌కీ అది ఆటే, కానీ ఆట మానేస్తే మిగిలేది లూసీ ష్వాబ్.

కాహున్ బ్రెటన్ బృందానికి దగ్గరైంది 1932లో. అప్పటికే ఈ ఫోటోల్లో చాలా భాగం తీయడం అయిపోయింది. కాబట్టి సర్రియలిజం కాహున్‌ని తయారు చెయ్యలేదు. ఆ తర్వాత 1936 ప్రదర్శనలో వస్తువులు పెట్టడం, కవిత్వమూ రాజకీయాల గురించి 1934లో రాసిన వాదపత్రం, 1937లో లీజ్ దెఆర్మ్ పిల్లల పద్యాల పుస్తకానికి తీసిన ఇరవై ఫోటోలు, ఇవన్నీ ఆ ఉద్యమంలో భాగంగా నలుగురికీ తెలిసిన పనులు. ఈ ఆత్మచిత్రాలు మాత్రం అప్పుడెవరికీ తెలియవు. బతికుండగా అచ్చయింది ఒకే ఒక్కటి, 1930లో 'బిఫ్యూర్' పత్రికలో, తల సాగదీసినట్టున్న గుండు ఫోటో. తక్కినవి చాలామటుకు అరచేతిలో ఇమిడే చిన్న ప్రింట్లు, ఇంట్లోనే ఉండిపోయాయి.

మరి ఎవరి కోసం తీశారు? మనలో చాలామందికి స్టూడియోకి వెళ్ళి దిగిన మొదటి ఒంటరి ఫోటో పెళ్ళిచూపుల ఫోటో. చీర ఎవరో ఎంచారు, గడ్డం కాస్త దించమని ఫోటోగ్రాఫరు చెప్పాడు, ఆ ఫోటో ఏ ఊళ్ళు తిరిగిందో, ఎవరెవరి చేతుల్లో పడిందో మనకి తెలీదు. ఫోటో అంటే మనకి పరాయి చూపు కోసం తయారు కావడం. కాహున్ ఫోటోలు నన్ను పట్టుకున్నది ఈ కారణానికే. అవి ఏ పరాయి చూపు కోసమూ కాదు. కానీ ఒంటరి చూపు కోసం కూడా కాదు. ఆ ఫోటోల్లో చాలావాటికి కెమెరా వెనక ఉన్నది మూర్. కొన్నిటిలో ఫ్రేము అడుగున మూర్ నీడ కూడా పడింది. 1928 అద్దం పక్కనే మూర్ దిగిన ఫోటో కూడా ఉంది. 1930లో కాహున్ 'చెల్లని ఒప్పుకోళ్ళు' అనే అర్థమొచ్చే పేరుతో ఒక పుస్తకం తెచ్చారు. ఆత్మకథ అనిపించి ఆత్మకథ కాదనిపించే ముక్కల పుస్తకం. అందులోని ఫోటో కూర్పులు రచయిత ఆలోచనల ప్రకారం మూర్ చేసినవని ఆ పుస్తకమే చెబుతుంది. ఒక కూర్పులో ఒకే మెడ మీంచి ముఖాలు దొంతరలుగా మొలుస్తాయి.

అయినా విమర్శకులు వీటిని "ఆత్మచిత్రాలు" అనే పిలుస్తున్నారు, నేనూ పిలుస్తున్నాను. ఒంటరి ప్రతిభ అన్నది కళా చరిత్ర మగవాళ్ళ కోసం కట్టిన గది. దాంట్లోకి ఒక ఆడ పేరుని ఎక్కించాలన్న ఆత్రంలో రెండో ఆడ పేరుని గుమ్మం బయట వదిలేస్తున్నాం. ఈ ఫోటోల్లో "ఆత్మ" ఇద్దరి మధ్య తయారైంది. నేనెవరో నాకు తెలియాలంటే నన్ను చూసి నవ్వని, భయపడని ఒక మనిషి ఎదురుగా ఉండాలి. కాహున్‌కి ఆ మనిషి దొరికారు.

పొగడ్తతో సరిపెట్టే వ్యాసం కాదు కాబట్టి నా ఫిర్యాదులు కూడా చెప్పాలి. 1927 ప్రాంతంలోనే కాహున్ బుద్ధుడి వేషంలో కూడా ఫోటో దిగారు. ఆ రోజుల పారిస్‌కి తూర్పు దేశాలన్నీ కలిపి ఒక దుస్తుల పెట్టె. లింగాన్ని అంత అనుమానంగా చూసిన కళ్ళు ఆ పెట్టెని అనుమానించలేదు. రెండోది డబ్బు. ఉద్యోగం చెయ్యనక్కర్లేని ఆస్తి, తలుపు మూసుకోగల ఇల్లు, కెమెరా, ప్రేమించే మనిషి. ఇవన్నీ ఉంటేనే ఆ ఆట సాధ్యం. ఇవేవీ లేనివాళ్ళకి ఏమయింది? సరిగ్గా ఆ గుండు ఫోటోల కాలంలోనే, 1329 ఫస్లీలో, అంటే 1919–20 ప్రాంతంలో, నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టరులో రాసుకోవాలి. వాళ్ళు వీధిలో ఆడ దుస్తుల్లోనో నగలతోనో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు, రెండేళ్ళ దాకా జైల్లో పెట్టొచ్చు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. పారిస్ గదిలో వేషం కళ అయితే హైదరాబాదు వీధిలో నేరం. కాహున్ గురించి రాసే ఏ తెలుగు వ్యాసమూ ఈ చట్టాన్ని పక్కన పెట్టకుండా ఉండలేదనుకుంటాను.

అయితే ఆ మూసిన తలుపు కాహున్‌కి చివరిదాకా మిగల్లేదు. 1937లో ఇద్దరూ జెర్సీ దీవిలో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. 1940 జులైలో జర్మన్ సైన్యం ఆ దీవిని ఆక్రమించింది. ఇద్దరూ నాలుగేళ్ళపాటు చిన్న చిన్న కాగితాల మీద నాజీ వ్యతిరేక రాతలు రాసి, జర్మన్ మూర్‌కి వచ్చు కాబట్టి ఆ భాషలోనే రాసి, సైనికుల జేబుల్లోనూ కార్లలోనూ పడేశారు. కింద సంతకం "పేరు లేని సైనికుడు". ఒక జర్మన్ సైనికుడే తోటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు రాశారు. పారిస్ గదిలో సాధన చేసిన వేషం అప్పుడు పనికొచ్చింది. 1944 జులైలో పట్టుబడ్డారు. ఇదంతా ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు మాత్రమే చేశారంటే నమ్మడం అధికారులకి కష్టమయింది. ఆడవాళ్ళని తక్కువ చూసే అలవాటే నాలుగేళ్ళు వాళ్ళని కాపాడింది. అరెస్టయినప్పుడు ఇద్దరూ మందులు మింగారు, బతికారు. నవంబరులో మరణశిక్ష వేశారు, తర్వాత రద్దయింది. 1945 మేలో విడుదలయ్యారు. ఇంట్లో ఉన్న వాళ్ళ పనిలో చాలా భాగం అప్పటికే నాశనమైపోయింది.

ఆ 1945లో తీసిన ఫోటో ఒకటుంది. తలకి రుమాలు, ఒంటిమీద పొడుగు కోటు, గుమ్మంలో నిలబడ్డ నడివయసు మనిషి. ఏ వేషమూ లేదు, మనింటి పక్కావిడలా ఉంటారు. పళ్ళ మధ్య మాత్రం నాజీ డేగ బ్యాడ్జీ కరిచిపట్టి ఉంటుంది. కాహున్ ఫోటోలన్నిటిలో నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

జైల్లో పాడైన ఆరోగ్యం కుదుటపడలేదు. 1954లో కాహున్ పోయారు. 1972లో మూర్ ఆత్మహత్య చేసుకున్నారు. ఇద్దరినీ ఒకే చోట పాతిపెట్టారు. తర్వాత చాలాకాలం కాహున్ పేరు ఎవరూ తలవలేదు, తలిచినవాళ్ళలో మగవాడనుకున్నవాళ్ళూ ఉన్నారు. 1992లో ఫ్రాంస్వా లెపెర్లియే జీవితచరిత్ర రాశాక, 1995లో పారిస్‌లో ప్రదర్శన జరిగాక లోకం చూసింది. 2017లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ గిలియన్ వేరింగ్ ఫోటోలతో కలిపి ప్రదర్శించింది. ఇప్పుడు కొందరు కాహున్‌ని స్త్రీ అంటారు, కొందరు లెస్బియన్ అంటారు, కొందరు ట్రాన్స్ అంటారు. ఎవరి అవసరం వాళ్ళది, ఆ అవసరాలు నిజమైనవే.

మళ్ళీ నా మొదటి వాక్యం దగ్గరికి. 1930 నాటి పుస్తకంలో ఒకచోట కాహున్ తనకి ఎల్లప్పుడూ నప్పేది నపుంసక లింగమేనని తేల్చేశారు. ఫ్రెంచి వ్యాకరణంలో ఆ లింగం లేదు. ప్రతి నామవాచకమూ ఆడో మగో కావలసిందే. అంటే భాషలో లేని చోటుని అడిగారు. తెలుగులో ఆ చోటు ఉంది. కానీ దాంట్లో ఎవరిని కూర్చోబెట్టామో మనకి తెలుసు. మన వ్యాకరణంలో పురుషుడు మహత్తు. పశువులూ వస్తువులూ అమహత్తు. స్త్రీ ఒక్కతే ఉంటే క్రియ అమహత్తుతో కలుస్తుంది: బస్సు వచ్చింది, గేదె వచ్చింది, అమ్మ వచ్చింది. పదిమంది కలిస్తే మాత్రం మగవాళ్ళ వరసలో చేరి "వచ్చారు" అవుతారు. కాహున్ కోరుకున్న చోట మనల్ని అడక్కుండా పడేశారు. దీని మీద మనకి కోపం ఉండటం న్యాయమే. ఒకరికి స్వేచ్ఛ అనిపించిన గది ఇంకొకరికి పశువుల కొట్టం కావచ్చు. గుండు విషయంలో ఏం జరిగిందో ఇక్కడా అదే: ఎంచుకోవడమా, తోసెయ్యడమా అన్నదే తేడా. పైగా నపుంసకం అన్న మాట మనకి వ్యాకరణంలో పరిభాష, వీధిలో తిట్టు.

కానీ ఈ వ్యాసం రాస్తుండగా ఇంకొకటి కూడా గమనించాను. ఈ బాధంతా ప్రథమపురుషలో, అంటే ఎదుట లేని మనిషి గురించి చెప్పుకునేటప్పుడే. "నేను వచ్చాను" అన్నప్పుడు తెలుగులో లింగం లేదు. "నువ్వు వచ్చావు" అన్నప్పుడూ లేదు. పిలుపుల్లో రా, వే అని ఉన్న మాట నిజమే, ఈ తరం ఆడపిల్లలు ఒకరినొకరు "ఏరా" అనుకుంటూ దాన్నీ చెరిపేస్తున్నారు. ఫ్రెంచిలో "నేను వచ్చాను" అని రాసినా చాలు, ఆడా మగా అన్నది బయటపడిపోతుంది. రేవతి ఆత్మకథని పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అందులో మగపిల్లవాడిగా పెరిగిన బాల్యం నుంచి స్త్రీగా బతికే కాలం వరకూ తన గురించి తను చెప్పుకునే క్రియ ఒక్కసారి కూడా మారనక్కర్లేదు. అప్పుడూ వచ్చాను, ఇప్పుడూ వచ్చాను. ఆ పుస్తకంలో మారాల్సింది రేవతి కాదు, రేవతి గురించి మాట్లాడే మూడోవాళ్ళు.

కాహున్, మూర్ కలిసి తీసిన ఫోటోలు "నేను", "నువ్వు" మధ్య జరిగిన సంభాషణ. మూడోవాళ్ళం మనం, చాలా ఆలస్యంగా వచ్చాం, వచ్చీ రాగానే క్రియకి ఏ ప్రత్యయం తగిలించాలని వెతుక్కుంటున్నాం. నేను గౌరవవాచకం వాడాను. దాంతో కాహున్ నాకు కాస్త దూరమయ్యారు, "ఆమె" అన్నప్పుడు కలిగే చనువు పోయింది. పోనివ్వాల్సిన చనువే అది అనుకుంటున్నాను.